మూడు సున్నాల సారు

మొన్న మా ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు పెట్టాం. అడిగేవాళ్ళం ఇద్దరం. హెచ్చార్ ఆయన ఒకరు, ఫ్రంట్ ఆఫీసు ఇన్‌ఛార్జిగా నేనొకదాన్ని. అల్మాస్‌గూడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నూనె రాసి బిగించిన జడ, ఇస్త్రీ మడత విరగని చుడీదార్, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. హెచ్చార్ ఆయన ఇంగ్లీషులో, "కోపంగా ఉన్న పేషెంటు వచ్చి నీ మీద అరిస్తే ఏం చేస్తావు?" అని అడిగాడు.

ఆ అమ్మాయి నావైపు ఒకసారి, ఆయనవైపు ఒకసారి చూసింది. తర్వాత నిటారుగా కూర్చుని, ప్రతి అక్షరమూ వినపడేలా "గల్ప్!" అంది. అన్నాక జవాబు చెప్పింది. జవాబు చాలా బాగుంది.

హెచ్చార్ ఆయన చేతిలో పెన్ను ఆగిపోయింది. పిల్లకి గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె "థాంక్యూ సర్" అని గ్లాసును మర్యాదగా పక్కన పెట్టింది. నాకు నవ్వు ముంచుకొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చుకుని, "ఇంగ్లీష్ ఏడ నేర్చుకున్నవమ్మా?" అని తెలుగులోనే అడిగాను.

"మా కాలనీల ఒక అక్క చెప్తది మేడమ్. ఆ అక్క దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక సార్ దగ్గర నేర్చుకున్నదట."

ఇక చెప్పక్కర్లేదు. ఆ సారు నాకూ సారే.

అమ్మాయిని బయట కూర్చోమన్నాం. "అన్నీ ఓకే మేడమ్, కానీ మధ్యలో ఆ గల్ప్ ఏమిటి? రేపు పేషెంట్ల ముందు కూడా అలాగే అంటే నవ్వులపాలవుతాం. తీసుకోవాలో వద్దో మీరే చెప్పండి" అని భారం నా మీదకు నెట్టి, హెచ్చార్ ఆయన ఫోను మోగితే వరండాలోకి వెళ్ళాడు. అద్దం తలుపులోంచి ఆ పిల్ల కనపడుతోంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని అంచును గోటితో గీరుతోంది. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో ఆ గోరే చెబుతోంది. హెచ్చార్ ఆయన తిరిగొచ్చేలోపు నేను కుర్చీలోంచి లేవకుండానే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి సారును చూసి వచ్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో తలెత్తితే ఆకాశం కంటే ముందు కోచింగ్ బోర్డులు కనపడతాయి. బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, కంప్యూటర్ కోర్సులు, ఒక్కో బోర్డు మీద పాస్‌పోర్టు ఫోటోల వరసలు. వాటి మధ్యలో, ఒక గాజుల కొట్టు పైన, ఇనుప మెట్లెక్కితే మా సారు గది. ఆయన బోర్డు మీద ఫోటోలు లేవు. ఒక మనిషి తల, నోట్లోంచి బయటికొచ్చిన ఒక తెల్లటి బుడగ, ఆ బుడగలో ఏమీ లేదు. కింద "స్పోకెన్ ఇంగ్లీష్" అని మాత్రం ఉండేది. బుడగలో రాయడం మర్చిపోయారని అందరూ అనుకునేవారు. ఎవరో హాస్టల్ వాళ్ళు ఆ ఖాళీ చూసి ఊరుకోలేక సరిగ్గా అందులోనే తమ కాగితం అంటించి పోయారు. అప్పటినుంచి మా బోర్డు మీది మనిషి రోడ్డున పోయేవాళ్ళందరికీ "లేడీస్ హాస్టల్, ఇంటి భోజనం" అని చెబుతూ ఉండేవాడు. పీకేద్దామా సార్ అంటే సారు వద్దన్నారు. "ఉండనీండి. ఇన్నాళ్ళకు వాడికి ఒక మాట దొరికింది" అన్నారు.

సారు గుంటూరు వైపు మనిషి. పొడుగు, సన్నం. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు. చొక్కా జేబులో పెన్నుకు బదులు వైట్‌నర్ సీసా. ఆయన ఏ ప్యాంటు వేసుకున్నా దాని మీద తెల్ల చుక్కలు ఉండేవి. కొత్త ప్యాంటు వేసుకొచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా దానికీ చుక్కలు పడేవి.

ఆ వైట్‌నర్ ఎందుకంటే, సారు మాకు ఇంగ్లీషు నేర్పింది అమెరికా వాళ్ళ బొమ్మల కథలతో. పాత ఇంగ్లీషు పేపర్లలో చివరి పేజీన మూడు నాలుగు గళ్ళలో వచ్చేవే, అవి. పేపర్లలోవీ, ఫుట్‌పాత్ మీద దొరికే పాత కామిక్ పుస్తకాల్లోవీ కత్తిరించి, క్యాలెండర్ల వెనక అంటించి, గోడలనిండా మేకులకు తగిలించేవారు. తర్వాత బుడగల్లో ఉన్న మాటలన్నీ వైట్‌నర్‌తో చెరిపేసేవారు. ఆ ఖాళీలు మేం నింపాలి. అదే పాఠం, అదే పరీక్ష.

"గ్రామరు పుస్తకంలో మనుషులు ఎలా మాట్లాడతారు? 'నా మేనమామ గారి కలము బల్ల మీద కలదు' అని మాట్లాడతారు. మీ ఇంట్లో ఎవడైనా అలా మాట్లాడితే ఊరుకుంటారా, డాక్టరుకి చూపిస్తారా? ఈ గళ్ళల్లో వాళ్ళను చూడండి. 'ఏంటి? కాఫీ లేదా? సరే!' అంతే, కథ అయిపోయింది. బతకడానికి ఇంత ఇంగ్లీషు చాలు" అనేవారు.

బొమ్మల్లో వాళ్ళ అసలు పేర్లు మాకెప్పుడూ చెప్పలేదు. పేరు తెలిస్తే కథ తెలుసనుకుంటారనీ, కథ తెలిసినవాడు బొమ్మ చూడడనీ ఆయన నమ్మకం. అందుకని ఆయనే పేర్లు పెట్టారు. కండలు తిరిగి, వీపున గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగిరేవాళ్ళు ఎవరైనా సరే దుప్పటాయనే. ముసుగేసుకుని మేడలమీద గెంతుతూ దొంగల్ని పట్టేవాడు వాచ్‌మన్. ఆఫీసు బల్ల మీద తల పెట్టి నిద్రపోయే లావాటి ఆయన సెక్షన్ ఆఫీసరు. ఒకసారి దుప్పటాయన బస్సును రెండు చేతుల్తో ఎత్తుకుని పోతున్న బొమ్మ వచ్చింది. మా బ్యాచ్‌లో నల్గొండ దగ్గరి కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్న బస్సు కండక్టరు. వాడు లేచి ఆ బుడగలో, "ఎల్బీనగర్, హయత్‌నగర్, కమాన్ కమాన్, ఫుట్‌బోర్డ్ ఖాళీ చెయ్" అని ఇంగ్లీషులో రాశాడు. సారు కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివి, మళ్ళీ తుడుచుకున్నారు. ఆ బొమ్మను ఇక ఎప్పుడూ చెరపలేదు. ఎల్బీనగర్ దుప్పటాయన మా తర్వాతి బ్యాచ్‌లకు కూడా గోడ మీదే ఉన్నాడు.

ఇక గల్ప్ సంగతి.

ఆ బొమ్మల కథల్లో మనిషి భయపడి గుటక వేస్తే బుడగలో "గల్ప్" అని ఉంటుంది. ముక్కు చీదితే "స్నిఫ్" అని, నిట్టూర్చినా ఆవులించినా దానికో మాట ఉంటుంది. అవి చప్పుళ్ళకు గుర్తులని లోకానికంతా తెలుసు. మా సారుకు తెలియదు. అమెరికా వాళ్ళు భయమేసినప్పుడు నోరు తెరిచి గల్ప్ అంటారనే ఆయన నిశ్చయంగా నమ్మారు. మా చేత అనిపించేవారు. గదినిండా జనం ఒకేసారి "గల్ప్!" అంటుంటే కింద గాజుల కొట్టామె మెట్ల దగ్గరికి వచ్చి పైకి అరిచేది.

"ఏంది సారూ, అందరికీ ఒక్కపారే ఎక్కిళ్ళు పట్టినయా? నీళ్ళు పంపాల్నా?"

కండక్టరు గారబ్బాయి ఒకరోజు ధైర్యం చేశాడు. "సార్, గది చప్పుడు గదా సార్, మాట గాదు గదా?"

సారు వాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "మీ అమ్మ భయపడితే ఏమంటుంది?"

"వామ్మో అంటది సార్."

"వామ్మో అనేది చప్పుడా, మాటా?"

వాడు ఆలోచించాడు. మేమంతా ఆలోచించాం. ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు నాకు రాలేదు.

"అంతే. వాళ్ళ గల్పు మన వామ్మో. కూర్చో" అన్నారు సారు.

తర్వాత మా సీనియర్ ఒకామెకు కాల్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. ఫోన్లో ఒక అమెరికా ఆవిడ గట్టిగా కసిరితే ఈమె అలవాటుకొద్దీ గల్ప్ అనేసిందట. అవతల ఆవిడ ఆగి, పడీ పడీ నవ్వి, తర్వాత ఎంతో ప్రేమగా మాట్లాడిందట. ఆ సంగతి స్వీట్ బాక్సుతో సహా వచ్చి చెప్పింది. ఆవిడ నవ్వింది ఎందుకో మాలో కొందరికి అనుమానంగానే ఉంది. సారు మాత్రం పాలకోవా నోట్లో వేసుకుంటూ, "సొంత భాష వినపడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది" అన్నారు.

నా సంగతికొస్తాను. నేను ఆ మెట్లెక్కింది ఇంగ్లీషు రాక కాదు. ఇంగ్లీషు రాకే అనుకుని ఎక్కాను, అది వేరే విషయం. నాది నోటి జబ్బు. మనసులో ఏది తడితే అది ఆ క్షణమే బయటికొచ్చేది. చీరల షోరూములో చేరితే, అద్దం ముందు మురిసిపోతున్న ఒకావిడతో "అక్కా, గీ చీర అచ్చం మా ఓనరింట్ల సోఫా కవర్ లెక్కున్నది" అన్నాను. సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. ఒక బడి ఆఫీసులో చేరితే, మా పిల్లల్ని ఇక్కడ వెయ్యొచ్చా అని ఒక తండ్రి అడిగాడు. మా అన్న పిల్లలు వేరే బడికి పోతారని ఉన్నమాట చెప్పాను. అక్కడా అంతే అయింది. మేము నల్గొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నా జీతం కూడా కలిస్తేనే పట్నంలో నిలబడగలం, లేకపోతే ఇల్లు ఖాళీ చేసి మళ్ళీ ఊరికే. మా నాన్న లారీ డ్రైవరు, పండ్ల మార్కెట్‌కు బత్తాయి తోలేవాడు. "బిడ్డా, లారీకి బ్రేకులు పోతె మెకానిక్ ఉన్నడు. నీ నోటికి ఏడ ఏపియ్యాలె?" అని నిజంగానే పరేషాన్ అయ్యేవాడు.

మెకానిక్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాడని ఆయనకు తెలియదు.

మొదటి వారమే సారు నాకొక బొమ్మ ఇచ్చారు. మొహం కందగడ్డలా చేసుకుని అరుస్తున్న ఆఫీసరు, ఎదురుగా నిలబడ్డ గుమాస్తా. గుమాస్తా బుడగ ఖాళీ. నేను క్షణం ఆలోచించకుండా, "మీ ఆవిడ మిమ్మల్ని తిట్టింది కాబట్టి మీరు నన్ను తిడుతున్నారు. మీ టై కూడా వంకరగా ఉంది" అని ఇంగ్లీషులో రాసిచ్చాను. సారు చదివారు. బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశారు. టై నిజంగానే వంకరగా ఉంది.

"ఇందులో ఒక్క తప్పు కూడా లేదమ్మా. ఇంగ్లీషు కరెక్టు, విషయం కరెక్టు. గుమాస్తా ఉద్యోగం మాత్రం ఊడింది" అన్నారు.

వైట్‌నర్ సీసా తీశారు. నా మాటల జోలికి పోలేదు. బుడగ నుంచి గుమాస్తా నోటిదాకా దిగిన తోకను మాత్రం చెరిపేశారు. అది ఆరేదాకా ఊదారు. దాని చోట మూడు చిన్న సున్నాలు చుట్టారు.

"తోక ఉంటే నోట్లోంచి వచ్చిన మాట. సున్నాలుంటే మనసులో ఉన్న మాట. ఇప్పుడు చదువు. మాట అదే, ఉద్యోగం కూడా ఉంది. నిన్ను మారమని నేనట్లేదు తల్లీ. తోక తీసెయ్, సున్నాలు పెట్టుకో."

"మరి లోపల్నే పెట్టుకుంటె కడుపుబ్బుతది గద సార్?"

"ఉబ్బనీ. ఆ ఇంటి కుక్కను చూడు."

గోడ మీద ఒక సంసారం కథ ఉండేది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, బల్ల కింద ఒక కుక్క. అందరికీ తోకల బుడగలే, అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటారు. కుక్కకు మాత్రం ఎప్పుడూ మూడు సున్నాలే. ఆ ఇంట్లో అందరికంటే తెలివైనది అదేననీ, రోజూ వేళకు దానికి తిండి దొరకడానికి కారణం అదేననీ సారు అనేవారు.

ఆ మూడు సున్నాలకు ఆయన ఒక సైగ కనిపెట్టారు. చూపుడువేలు కణత దగ్గర పెట్టి గాలిలో ఒక చిన్న సున్నా, దాని పైన ఇంకొంచెం పెద్దది, దాని పైన ఇంకొంచెం పెద్దది. అంటే, నా మనసులో ఒకటి ఉంది, చెప్పను అని అర్థం. మాకందరికీ అది అంటుకుంది. క్లాసులో, బస్‌స్టాపులో, మెట్రో మెట్ల మీద ఎక్కడ కలిసినా సున్నాలే. మా మేనత్త వచ్చి నా పెళ్ళి గురించి సలహాలిస్తుంటే నేను కణత దగ్గర వేలు తిప్పుకుంటూ కూర్చున్నాను. "తలకాయ నొస్తున్నదా బిడ్డా?" అని నాన్న జండూబామ్ తెచ్చిచ్చాడు. మేనత్త నా వినయం చూసి ముచ్చటపడి వెళ్ళింది. నాకు ఆ రోజు సారు గొప్పతనం తెలిసొచ్చింది.

ఈ సైగను అందరికంటే ఎక్కువ వాడింది సారే. క్లాసు మధ్యలో ఆయనకు ఇంటి నుంచి ఫోను వచ్చేది. అమ్మగారి గొంతు గదంతా వినపడేది. పాలు తెచ్చారా, గ్యాసు బుక్ చేశారా, నిన్న కూర ఎలా ఉంది, బాగుందా? "ఆఁ, బాగుంది బాగుంది" అని ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో కణత దగ్గర సున్నాల మీద సున్నాలు చుట్టేవారు. మేము నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. "మా ఆవిడది పిరికి ప్రాణం. చిన్నదానికే హడలిపోతుంది. అందుకే మా ఇంట్లో నాకు తోకల బుడగలు ఉండవు" అని ఫోను పెట్టేశాక చెప్పేవారు.

ఈ ఆస్పత్రి ఇంటర్వ్యూకు వచ్చిన రోజు ఇదే గది బయట, అద్దం తలుపు అవతల ఇప్పుడు ఆ పిల్ల కూర్చున్న చోటే నేనూ కూర్చున్నాను. లోపలికి పిలిచాక అప్పుడున్న మేనేజరు, పెళ్ళయ్యాక మానేస్తావా అని అడిగాడు. నేను ముందు గల్ప్ అన్నాను. తర్వాత జుట్టు సర్దుకున్నట్టు కణత దగ్గర వేలు తిప్పాను. ఆ సున్నాల్లో ఏముందో ఇక్కడ రాయలేను, ఆయన పిల్లలు చదివినా చదువుతారు. పైకి మాత్రం "నో సర్" అన్నాను. ఉద్యోగం వచ్చింది, నిలబడింది, మా ఇల్లు ఖాళీ చెయ్యనవసరం లేకపోయింది. నాన్న సారుకు బుట్టెడు బత్తాయిలు పట్టుకెళ్ళి ఇచ్చాడు.

తర్వాత కొన్నేళ్ళకు ఒకరోజు పొద్దున, ఓపీ కౌంటర్ ముందు పెద్ద లైను. తలెత్తి చూస్తే ఎదురుగా సారు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు మీద చుక్కలు. పక్కన అమ్మగారు. ఫోన్లో విన్న గొంతుకు మొహం అదే మొదటిసారి చూడటం, చాలా చిన్న మనిషి.

"ఏమ్మా, గ్యాస్ డాక్టరు గారు ఏ గదిలో ఉంటారు? రాత్రి పెసరట్లు తిన్నారు. వద్దండీ అంటే విన్నారా? పొద్దుట్నించీ వాము నీళ్ళు ఇస్తూనే ఉన్నా, తగ్గట్లేదు" అందావిడ.

"ఏమైతుంది సార్?" అని అడిగాను.

"ఏం లేదమ్మా, కాస్త అజీర్తి" అన్నారు. అంటూండగానే ఆయన వేలు కణత దగ్గరికి వెళ్ళింది. చిన్న సున్నా, పెద్ద సున్నా, ఇంకా పెద్ద సున్నా.

"చూడమ్మా, పొద్దుట్నించీ అలా తల గోక్కుంటూనే ఉన్నారు. చుండ్రు కూడా పట్టినట్టుంది. దానికీ రాయించు" అంది అమ్మగారు.

ఏసీ హాల్లో ఆయన నుదుటి మీద చెమట. ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని ఉన్నారు. "సార్, తోక పెట్టుర్రి" అన్నాను మెల్లగా. ఆయన అమ్మగారివైపు చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ సున్నాలు చుట్టారు.

అంతే, నా పాత నోరు తెరుచుకుంది. ఇన్నేళ్ళు ఏ పేషెంటు తిట్టినా పలకని నోరు అది.

"ఏంది సార్ ఇది! చెమటలు గారంగ, చెయ్యి గట్ల పట్టుకోంగ గ్యాసట గ్యాసు! అంతమందిల గల్ప్ అనెతందుకు సిగ్గు లేదు గని, పెండ్లాం ముంగట నొప్పి అనెతందుకు సిగ్గా? మీరు చెప్పెదాంక గీ లైను కదలది!"

సెక్యూరిటీ అతను ఎవరో గొడవ పడుతున్నారనుకుని పరుగెత్తుకొచ్చాడు, చూస్తే గొడవ పడుతోంది నేనే. లైన్లో వెనకున్న ఒక పెద్దాయన, "జర చెప్పరాదయ్యా సారూ, మాగ్గూడ పనున్నది" అన్నాడు.

సారు నన్ను చూశారు. అమ్మగారిని చూశారు. గుటక వేశారు. వేసి, క్లాసులో చెప్పినంత స్పష్టంగా, "గల్ప్" అన్నారు. ఆ తర్వాత, "మొన్నట్నించీ ఇక్కడ నొక్కేస్తోందే. చెయ్యి లాగేస్తోంది. నువ్వు భయపడతావని చెప్పలేదు" అన్నారు.

ఆవిడ పడిపోతుందని నేను కౌంటర్ దాటి పరుగెత్తాను. ఆవిడ పడలేదు, అరవలేదు కూడా. ఆయన చేతిలో సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకుని, "చక్రాల కుర్చీ ఎక్కడమ్మా? త్వరగా" అంది. ఇన్నేళ్ళ కాపురంలో సారు అమ్మగారిని సరిగ్గా చూడలేదనిపించింది. బొమ్మను చూడండర్రా అని మాకు అంతగా చెప్పిన మనిషే.

వేళకు లోపలికి తీసుకెళ్ళడంతో ప్రాణం దక్కింది. వార్డుకు మార్చాక చూడ్డానికి వెళితే సారు, "అంతమందిలో నన్ను తిట్టావమ్మా" అన్నారు.

"అవ్ సార్. తోక పెట్టే తిట్టిన."

"తెలుగులో తిట్టావు. ఇంగ్లీషులో తిట్టుంటే మన క్లాసుకి పేరొచ్చేది" అన్నారు. మళ్ళీ క్లాసుకు వెళ్ళిన రోజు ఆయన మొదట చేసిన పని, ఆ బల్ల కింద కుక్క బుడగకు సున్నాలు చెరిపి తోక గీయడమట. దాని నోట్లో ఏం మాట పెట్టాలో బ్యాచ్ అంతా వారం రోజులు కొట్టుకున్నారట.

తర్వాత కొన్నేళ్ళు బాగానే ఉన్నారు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నారు, లేవలేదు. ఎవరూ అడగడానికి, ఆయన చెప్పడానికి ఆ రోజు సందు దొరకలేదు.

నేను వెళ్ళేసరికి వాళ్ళ వీధంతా పాత విద్యార్థులే. లోపల అమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టాలు, "ఏడవండి వదినా, మనసు తేలికవుతుంది" అని బతిమాలుతున్నారు. ఆవిడ తలెత్తింది. నన్ను చూసింది. మెల్లగా చెయ్యెత్తి, వేలు కణత దగ్గర పెట్టుకుని, చిన్న సున్నా, పెద్ద సున్నా, ఇంకా పెద్ద సున్నా చుట్టింది.

నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, తోక పెట్టుర్రి" అన్నాను.

"ఆ రోజు నీ కౌంటరు దగ్గర నోరు తెరిచారు, మళ్ళీ మూస్తేనా!" అని మొదలుపెట్టింది. "కాఫీలో పంచదార తక్కువట. పెళ్ళయిన దగ్గర్నించీ తక్కువేనట! నా గుత్తొంకాయ అసలు ఇష్టమే లేదట. అడిగినప్పుడల్లా బాగుంది బాగుంది అని తిన్న మనిషి! మోకాలు నొప్పి చెప్పారు, పన్ను నొప్పి చెప్పారు, ఈ సున్నాల సంగతీ చెప్పారు. నేను పాడుకుంటూ ఉంటే పక్క గదిలో కూర్చుని వినేవారట, అది కూడా ఆ తర్వాతే చెప్పారు. పోట్లాడుకున్నాం తల్లీ. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళలాగా రోజూ పోట్లాడుకున్నాం. ఎంత బాగుందో. ఇప్పుడీ ఇంట్లో మళ్ళీ ఏం వినపడుతుంది?"

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గుమ్మం దగ్గర నిలబడ్డ కండక్టరు గారబ్బాయి, ఇప్పుడు ఏదో కంపెనీలో మేనేజరు, జేబురుమాలు తీసి గట్టిగా "స్నిఫ్" అన్నాడు. నోటితోనే అన్నాడు. చుట్టాలకు అర్థం కాలేదు. అమ్మగారు ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది.

వరండాలోంచి హెచ్చార్ ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ తిరిగొచ్చాడు. "ఏం చేద్దాం మేడమ్? ఆ గల్ప్ ఒక్కటే నాకు..."

"అమెరికాల అందరూ అట్లనే అంటరు సార్. భయమైతే గల్ప్ అంటరు" అన్నాను.

"నిజంగానా?"

"పక్కా సార్. పిల్ల మంచి ఇంగ్లీష్ నేర్చుకున్నది."

ఆయన తలూపి, కాగితం మీద టిక్కు పెట్టాడు. "అయితే మన స్టాఫందరికీ నేర్పిస్తే ఎలా ఉంటుంది?" అని కూడా అన్నాడు. నేను కణత దగ్గర జుట్టు సర్దుకున్నాను.

అమ్మాయిని లోపలికి పిలిచి ఉద్యోగం నీదేనని చెప్పాం. హెచ్చార్ ఆయన చెవులు రిక్కించుకుని, గల్ప్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్ల ఫైలును రెండు చేతుల్తో గుండెకు అదుముకుంది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. నోరు తెరిచి, "వామ్మో!" అంది.